కొత్త శీతల వాయువులు: కర్మాగారం గేటు లోపలి లెక్క కూడా చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

ఎండాకాలం మొదలవుతూనే పత్రికల నిండా ఏసీల ప్రకటనలు వస్తాయి. వాటిలో ‘పర్యావరణ హిత గ్యాస్’ అన్న మాట ఇప్పుడు తప్పనిసరిగా కనిపిస్తోంది. చాలా సందర్భాల్లో ఆ గ్యాసు ఆర్-32. అంతకుముందు వాడిన ఆర్-410ఏ కంటే అది మెరుగైనదే, అందులో సందేహం లేదు. అయినా ఒక కిలో ఆర్-32 గాలిలో కలిస్తే, 100 ఏళ్ల కాలానికి లెక్కగట్టినప్పుడు, 675 కిలోల బొగ్గుపులుసు వాయువు చేసేంత పని చేసి భూమిని వేడెక్కిస్తుంది. ఆర్-410ఏ విషయంలో ఈ సంఖ్య 2,088. భూతాప విలువ అనే ఈ సంఖ్యను ఒకటి దగ్గరికి, కొన్నిటి విషయంలో ఒకటి కన్నా కిందికి దించిన వాయువులు ఇప్పుడు ఉన్నాయి. వాటిని హెచ్‌ఎఫ్‌ఓలు అంటారు. వీటిని మన దేశంలోనే పెద్ద ఎత్తున తయారు చేసుకోవాలన్న ఆలోచన మంచిదే. కానీ ఈ వాయువులు కర్మాగారంలో ఎలా తయారవుతాయి, వాటితో పాటు ఇంకేమేమి పుడతాయి, పుట్టినవాటి లెక్క ఎవరు చూస్తారు అన్న ప్రశ్నలు మన బహిరంగ చర్చలోకి రావడం లేదు. పటాన్‌చెరు పరిసరాల్లోని రసాయన కర్మాగారాల్లో 30 ఏళ్లు స్వేదన విభాగంలో (ద్రవాలను మరిగించి విడదీసే చోట) పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఇంజనీరుగా ఈ విషయం మీ పాఠకుల ముందుంచడం నా బాధ్యత అనిపించి ఈ లేఖ రాస్తున్నాను.

నేపథ్యం పాఠకులకు కొంత తెలిసిందే. ఫ్రిజ్‌లలో, ఏసీలలో మొదట వాడిన, క్లోరిన్ ఉన్న సీఎఫ్‌సీలు ఓజోన్ పొరను తినేస్తున్నాయని తేలాక 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. 1992లో మన దేశం అందులో చేరింది. సీఎఫ్‌సీల స్థానంలో హెచ్‌సీఎఫ్‌సీలు, ఆ తర్వాత హెచ్‌ఎఫ్‌సీలు వచ్చాయి. హెచ్‌ఎఫ్‌సీలు ఓజోన్‌కు హాని చేయవు గానీ, బొగ్గుపులుసు వాయువు కంటే వందల, వేల రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తాయి. అందువల్ల 2016 అక్టోబరులో రువాండా రాజధాని కిగాలిలో ఒప్పందాన్ని సవరించారు. ఆ సవరణను భారతదేశం 2021లో ఆమోదించింది. దాని ప్రకారం మన హెచ్‌ఎఫ్‌సీల వాడకానికీ ఉత్పత్తికీ 2024, 2025, 2026 సంవత్సరాల సగటు ఆధారంగా ఒక ప్రాతిపదిక నిర్ణయమవుతుంది. 2028లో ఆ స్థాయి దగ్గర ఆగాలి. 2032లో 10 శాతం, 2037లో 20 శాతం, 2042లో 30 శాతం, 2047 నాటికి 85 శాతం తగ్గించాలి. స్వాతంత్ర్యానికి నూరేళ్లు నిండే ఏటికి మన ఫ్రిజ్‌లు, ఏసీలు, కార్లు, శీతల గిడ్డంగులు దాదాపుగా వేరే వాయువులపైనే నడవాలన్నమాట.

ఆ వేరే వాయువులన్నీ హెచ్‌ఎఫ్‌ఓలే కానక్కరలేదని ముందే చెప్పాలి. పెద్ద శీతల గిడ్డంగులకు అమ్మోనియా ఎంతో కాలంగా పనికొస్తోంది, చిన్న ఏసీలకూ ఫ్రిజ్‌లకూ ప్రొపేన్, ఐసోబ్యూటేన్ ఉన్నాయి. అయితే కార్ల ఏసీలకు, ఆసుపత్రులూ డేటా కేంద్రాలూ వాడే చిల్లర్లు అనే భారీ చల్లబరిచే యంత్రాలకు, ఫ్రిజ్ గోడల్లో నింపే నురుగుకు హెచ్‌ఎఫ్‌ఓల అవసరం కాదనలేనిది. ఐరోపా 2017 నుంచి కొత్త కార్లలో భూతాప విలువ 150 దాటిన వాయువును అనుమతించడం లేదు కాబట్టి, అక్కడికి ఎగుమతయ్యే మన కార్లలో కూడా 1,430 విలువ గల 134ఏ అనే హెచ్‌ఎఫ్‌సీని వాడటానికి వీల్లేదు.

హెచ్‌ఎఫ్‌ఓల గొప్పదనమంతా వాటి అణువులో ఉన్న ఒక జంట బంధంలో ఉంది. గాలిలోని హైడ్రాక్సిల్ కణాలు ఆ బంధాన్ని పట్టుకుని అణువును త్వరగా తెంచేస్తాయి. 134ఏ గాలిలో 13, 14 ఏళ్లు నిలిస్తే, కార్లలో వాడే 1234వైఎఫ్ రెండు వారాలైనా నిలవదు. గాలిలో తేలిగ్గా తెగిపోయే అణువును కర్మాగారంలో కట్టడం మాత్రం తేలిక కాదు. 134ఏ తయారీకి రెండు మెట్లు చాలు. హెచ్‌ఎఫ్‌ఓలకు మూడు, నాలుగు, కొన్ని పద్ధతుల్లో అంతకన్నా ఎక్కువ మెట్లు కావాలి. ప్రతి మెట్టులోనూ ఆమ్లాన్ని వేరు చేయాలి, కలగాపులగంగా వచ్చిన సేంద్రియ పదార్థాలను విడదీయాలి, మిగిలినదాన్ని తిరిగి వెనక్కి పంపాలి. ఖరీదు ఎక్కువ కావడానికి పేటెంట్లతో పాటు ఇదీ ఒక కారణం. ఆ ఖరీదు తగ్గించుకోవడానికి పరిశ్రమ ఎంచుకున్న దారుల్లో ముఖ్యమైనది సహోత్పత్తి. అంటే ఒకే ముడిసరుకుతో, ఒకే యంత్ర సముదాయంలో, రెండు మూడు వాయువులను కలిపి తయారు చేయడం.

దీనికి నాకు తెలిసిన చక్కని ఉదాహరణ 1233జడ్‌డి, 1234జడ్‌ఈ, 245ఎఫ్‌ఏ అనే మూడింటిని కలిపి తయారు చేసే పద్ధతి. అమెరికా సంస్థ హనీవెల్ దీనిపై పేటెంట్లు తీసుకుంది. కార్బన్ టెట్రాక్లోరైడ్‌ను వినైల్ క్లోరైడ్‌తో కలిపితే 240ఎఫ్‌ఏ అనే అయిదు క్లోరిన్‌ల ద్రవం వస్తుంది. ముడిసరుకు అదే. మొదటి రియాక్టరులో దానికి, ఫ్లోరిన్‌ను అందించే హైడ్రోజన్ ఫ్లోరైడ్‌ను చేరిస్తే మూడు క్లోరిన్‌ల స్థానంలో ఫ్లోరిన్‌లు కూర్చుని, మరో క్లోరిన్ హైడ్రోజన్‌తో కలిసి ఊడిపోయి 1233జడ్‌డి వస్తుంది. చిల్లర్లలోనూ నురుగు తయారీలోనూ వాడే వాయువు ఇది. కావలసినంత తీసుకుని, మిగిలినదాన్ని రెండో రియాక్టరుకు పంపి మళ్లీ హైడ్రోజన్ ఫ్లోరైడ్ చేరిస్తే 245ఎఫ్‌ఏ అవుతుంది. దాన్ని మూడో రియాక్టరులో వేడి చేసి ఒక హైడ్రోజన్ ఫ్లోరైడ్‌ను లాగేస్తే 1234జడ్‌ఈ మిగులుతుంది. లాగిన హైడ్రోజన్ ఫ్లోరైడ్ మళ్లీ ముందు మెట్లకు వెళుతుంది. పాలు తోడు వేసిన ఇల్లాలు ఎంత పెరుగుగా వాడాలి, ఎంత చిలికి వెన్న తీయాలి, అందులో ఎంత కాచి నెయ్యి చేయాలి అన్నది ఇంటి అవసరాన్ని బట్టి ఎలా నిర్ణయించుకుంటుందో, ఈ కర్మాగారమూ గిరాకీని బట్టి మూడు సరుకుల నిష్పత్తిని మార్చుకోగలదు. ఒక్కో వాయువుకు ఒక్కో కర్మాగారం కడితే ఏదో ఒకటి ఏడాదిలో కొన్ని నెలలు ఖాళీగా పడి ఉంటుంది. ఇక్కడ ఆ నష్టం ఉండదు.

స్వేదన విభాగంలో బతికినవాడిగా ఇందులోని కష్టం గురించి రెండు మాటలు చెప్పకుండా ఉండలేను. 245ఎఫ్‌ఏ దాదాపు 15 డిగ్రీల దగ్గర మరుగుతుంది, మనకు కావలసిన రూపంలోని 1233జడ్‌డి 18 డిగ్రీల పైన. హైడ్రోజన్ ఫ్లోరైడ్ 19.5 డిగ్రీల దగ్గర. మూడూ ఇంత దగ్గరగా ఉండగా, హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఈ సేంద్రియ ద్రవాలతో కలిసికట్టుగా మరిగే స్వభావం కలది కావడంతో మామూలు స్వేదన స్తంభం వాటిని విడదీయలేదు. చల్లార్చి పొరలుగా విడగొట్టాలి, లేదా గాఢ గంధకామ్లంతో హైడ్రోజన్ ఫ్లోరైడ్‌ను పీల్చించి తర్వాత వేడి చేసి తిరిగి రాబట్టాలి. ఒకే అణువుకు ఉన్న రెండు రూపాల్లో అక్కరకు రానిదాన్ని విడదీసి మళ్లీ రియాక్టరుకు తిప్పి పంపాలి. ఇది బాగా నడిచిన చోట వృథా చాలా తక్కువ. నడవని చోట ప్రతి తిప్పుడులోనూ కొంత గాలికి, కొంత నీటికి పోతుంది. సహోత్పత్తికి మంచి పేరు రావడమూ చెడ్డ పేరు రావడమూ ఈ వేరుచేసే విభాగం మీదే ఆధారపడి ఉంటాయి.

ఇక గేటు లోపలి లెక్కకు వస్తాను. 240ఎఫ్‌ఏ నుంచి 1233జడ్‌డి తయారైనప్పుడు ఒక్కో అణువుకు నాలుగు హైడ్రోజన్ క్లోరైడ్ (నీటిలో కలిస్తే హైడ్రోక్లోరిక్ ఆమ్లం) అణువులు పుడతాయి. బరువుల లెక్కలో టన్ను సరుకుకు 1.1 టన్నుల పైచిలుకు. 1234జడ్‌ఈ దాకా వెళితే టన్నుకు 1.6 టన్నులు. అంటే మనం ‘శీతల వాయువు కర్మాగారం’ అని పిలుస్తున్నది నిజానికి బరువులో వాయువు కంటే ఎక్కువ ఆమ్లం తయారు చేసే కర్మాగారం. ఆ ఆమ్లానికి కొనేవారు ఉన్నంతకాలం అది సహోత్పత్తే, లేని రోజున అది వ్యర్థం. నేను పనిచేసిన ఒక చోట, ఆ పేరు ఇక్కడ అనవసరం, ఉప ఉత్పత్తిగా వచ్చే ఆమ్లాన్ని తీసుకెళ్లే ట్యాంకర్లు వారం రోజులు రాకపోతే నిల్వ తొట్లు నిండి మేము రాత్రింబవళ్లు సున్నంతో తటస్థం చేసేవాళ్లం. ఆ ఉప్పునీరు ఎక్కడికి పోయేదో తలచుకుంటే ఈనాటికీ మనసు బాధపడుతుంది. పటాన్‌చెరు దగ్గరి నక్కవాగు పరిసరాల రైతులు తమ బావుల నీళ్ల గురించి దశాబ్దాలుగా చెప్పుకుంటున్నది ఊహించి చెప్పిన కథ కాదు. అందుకే ఇలాంటి కర్మాగారానికి అనుమతి అడిగేటప్పుడు వాయువుకు ఎంత మార్కెట్ ఉందో చెప్పడం చాలదు. ఆమ్లాన్ని ఎవరు, ఎంత, ఎన్నేళ్లు కొంటారో, కొనని రోజున ఉత్పత్తి ఏ స్థాయికి తగ్గుతుందో ఒప్పంద పత్రాలతో సహా చూపాలి. పొడి హైడ్రోజన్ క్లోరైడ్‌ను ఆక్సిజన్‌తో కలిపి తిరిగి క్లోరిన్‌గా మార్చే సాంకేతికత ఉంది. దాన్ని ఇదే ఆవరణలో పెట్టుకుంటే క్లోరిన్ బయటి నుంచి తెచ్చుకోవడమూ తగ్గుతుంది.

రెండో లెక్క 245ఎఫ్‌ఏ గురించి. ఈ ముగ్గురు తోబుట్టువుల్లో రెండింటి భూతాప విలువ ఒకటి దగ్గర ఉంటే, నడిమిదానిది 850 పైమాటే. అది కిగాలి జాబితాలో ఉన్న హెచ్‌ఎఫ్‌సీ. ఒప్పందం ప్రకారం మరో రసాయనంగా పూర్తిగా మార్చేసినదాన్ని ‘ఉత్పత్తి’ కింద లెక్కించరు. 245ఎఫ్‌ఏ మొత్తం మూడో రియాక్టరుకు వెళ్లి 1234జడ్‌ఈగా మారితే లెక్కలోకి రాదు, డ్రమ్ముల్లో నింపి నురుగు తయారీదారులకు అమ్మితే వస్తుంది. ఈ నియమంలో అన్యాయం ఏమీ లేదు. కానీ నిష్పత్తిని వారం వారం మార్చుకోగల కర్మాగారంలో ఎంత మారింది, ఎంత అమ్ముడైంది, ఎంత కారింది అన్నది బయటివారికి తెలిసే మార్గం ఉండాలి. ‘తక్కువ తాపపు వాయువుల కర్మాగారం’ అన్న ఫలకం కింద 850 దాటిన విలువ గల వాయువు ఏటా ఎన్ని టన్నులు బయటికి వెళుతోందో తెలుసుకునే హక్కు పక్క ఊరివారికీ దేశానికీ ఉంది.

మూడోది ముడిసరుకు. కార్బన్ టెట్రాక్లోరైడ్ ఓజోన్‌ను తినే పదార్థం, గాలిలో సుమారు 30 ఏళ్లు నిలుస్తుంది, భూతాపంలోనూ బొగ్గుపులుసు వాయువు కంటే వెయ్యిన్నర రెట్లకు పైన. మన దేశంలో ద్రావకంగా దాని వాడకం 2010తో ఆగిపోయింది. మరో రసాయనం తయారీకి ముడిసరుకుగా వాడటానికి మాత్రం మాంట్రియల్ ఒప్పందం మినహాయింపు ఇస్తుంది. హెచ్‌ఎఫ్‌ఓల గిరాకీ పెరిగినకొద్దీ ప్రపంచమంతటా ఆ మినహాయింపు కిందే దీని వాడకం పెరుగుతోంది. కార్లలో వాడే 1234వైఎఫ్‌కు మూలమైన నాలుగు క్లోరిన్‌ల ద్రవం కూడా చాలాచోట్ల దీని నుంచే వస్తుంది. క్లోరోఫాం తయారు చేసే కర్మాగారాల్లో కార్బన్ టెట్రాక్లోరైడ్ ఎలాగూ కొంత పుడుతుంది కాబట్టి, కాల్చి పారేయడం కంటే ఇలా వాడుకోవడం మేలే అన్న వాదనను నేను అంగీకరిస్తాను. అయితే దేశాలు ఇచ్చిన లెక్కల నుంచి రావలసిన ఉద్గారాల కంటే గాలిలో కొలిచినప్పుడు తేలిన ఉద్గారాలు చాలా ఎక్కువని 2016లో వెలువడిన అంతర్జాతీయ శాస్త్ర నివేదిక తేల్చింది. తేడాలో పెద్ద భాగం రసాయన కర్మాగారాల నుంచే జారిపోతోందని కూడా చెప్పింది. ఓజోన్‌ను కాపాడే ఒప్పందం కింద భూమిని చల్లబరిచే వాయువును తయారు చేస్తూ, ఆ దారిలోనే ఓజోన్‌ను తినే పదార్థాన్ని జారవిడవడం ఎవరికీ సమ్మతం కాకూడదు.

కార్బన్ టెట్రాక్లోరైడ్ అవసరం లేని దారి కూడా ఒకటి ఉంది. ఆర్-22 అనే పాత హెచ్‌సీఎఫ్‌సీ వాయువును మిథైల్ క్లోరైడ్‌తో కలిపి బాగా వేడి చేస్తే 1234వైఎఫ్, వినైలిడీన్ ఫ్లోరైడ్ కలిసి పుడతాయి. రెండోది పీవీడీఎఫ్ అనే ప్లాస్టిక్‌కు ముడిసరుకు. లిథియం బ్యాటరీల్లో పొడిని లోహపు రేకుకు పట్టి ఉంచేది ఆ ప్లాస్టిక్కే. విద్యుత్ వాహనాల కాలంలో కారు బ్యాటరీకీ కారు ఏసీకీ ఒకే రియాక్టరు సరుకునివ్వడం వినడానికి ఎంతో బాగుంటుంది. కానీ ఆర్-22 తయారీలో హెచ్‌ఎఫ్‌సీ-23 తప్పనిసరిగా పుడుతుంది. మామూలుగా అది 1.5 నుంచి 4 శాతం. చూడటానికి చిన్న అంకెలాగే ఉంటుంది. కానీ దాని భూతాప విలువ 12,000 దాటి ఉంటుంది, గాలిలో 200 ఏళ్లకు పైగా నిలుస్తుంది. నూటికి మూడు పాళ్లు వదిలేసినా, మిగిలిన 97 పాళ్లతో చేసిన మంచిలో పెద్ద భాగం తుడిచిపెట్టుకుపోతుంది.

ఈ విషయంలో మన గడ్డకు నేరుగా సంబంధం ఉంది. సంగారెడ్డి జిల్లా రుద్రారంలో కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ హిందుస్థాన్ ఫ్లోరోకార్బన్స్ ఆర్-22ను, దాని నుంచి టెఫ్లాన్ రకపు ప్లాస్టిక్‌ను తయారు చేసేది. 2016 అక్టోబరులో కిగాలి సమావేశం జరుగుతున్నప్పుడే, దేశంలోని అయిదు ఆర్-22 ఉత్పత్తిదారులూ తమ హెచ్‌ఎఫ్‌సీ-23ను సొంత ఖర్చుతో కాల్చివేయాలని కేంద్ర ప్రభుత్వం ఆదేశించింది. ఆ అయిదింటిలో రుద్రారం కర్మాగారం ఒకటి. అది మంచి ఆదేశం, ఎవరూ బలవంతం చేయకముందే మన దేశం తీసుకున్న నిర్ణయం. ఆ తర్వాత 2020లో నష్టాల కారణంగా రుద్రారం సంస్థను మూసివేయాలని కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. మిగిలిన ఉత్పత్తి గుజరాత్, రాజస్థాన్, తమిళనాడుల్లో ఉంది. ఇటు ఆదేశాలు అమల్లో ఉన్నా, 2018లో ప్రపంచవ్యాప్తంగా గాలిలోకి చేరిన హెచ్‌ఎఫ్‌సీ-23 అంతకుముందు ఎన్నడూ లేనంత ఎక్కువని 2020లో ప్రచురితమైన పరిశోధన చూపింది. ఏ దేశం వాటా ఎంత అన్నది ఇక్కడ నా విషయం కాదు. కాల్చామని కాగితం మీద రాయడానికీ గాలిలో కొలవడానికీ మధ్య దూరం ఉండవచ్చని ఆ పరిశోధన నిరూపించింది, అదే నాకు ముఖ్యం.

తయారైన వాయువు చివరికి ఏమవుతుందన్నది మరో లెక్క. 1234వైఎఫ్ గాలిలో తెగిపోయాక దాదాపు మొత్తంగా ట్రైఫ్లోరోఎసిటిక్ ఆమ్లంగా మారి వానతో కిందికి వస్తుంది. రెండింటి అణుభారమూ 114 కావడంతో టన్ను వాయువు కారితే టన్ను ఆమ్లం నేలకు చేరినట్టే. అది కుళ్లదు, విచ్ఛిన్నం కాదు, మామూలు నీటి శుద్ధితో పోదు. 1234జడ్‌ఈ నుంచి మాత్రం ఆ ఆమ్లం 10 శాతం కన్నా తక్కువగా, 1233జడ్‌డి నుంచి ఇంకా తక్కువగా వస్తుంది. ఈ తేడా ఇంత పెద్దది కావడం వల్లే సహోత్పత్తిలో ఏ వాయువు ఎంత అన్న నిష్పత్తి కంపెనీ అమ్మకాల విభాగం ఒక్కటే తేల్చుకోవలసిన విషయం కాదని నేను అంటున్నాను. భారతదేశంలో 1234వైఎఫ్ వాడకం పెరిగితే వానల్లో ఈ ఆమ్లం ఎంత ఉండవచ్చో 2021లో ఒక పరిశోధన అంచనా వేసి, అది ఇప్పటికి తెలిసిన హానికర స్థాయిల కంటే చాలా తక్కువని చెప్పింది. ఆ మాటను గౌరవించాలి, అనవసరంగా భయపెట్టకూడదు. అయితే 2023లో జర్మనీ, నెదర్లాండ్స్, డెన్మార్క్, స్వీడన్, నార్వే కలిసి ఐరోపాలో ఇలాంటి శాశ్వత ఫ్లోరిన్ రసాయనాలన్నిటినీ కట్టడి చేయాలని ప్రతిపాదించాయి. నీటిలో కరిగి, నేలలోకి ఇంకి, ఆవిరి మాత్రం కాని పదార్థం ఏటికేడు పోగయ్యేదే కాబట్టి, బయటికి పారే దారి లేని చెరువుల్లో ఇప్పటి నుంచే కొలతలు మొదలుపెట్టడం తెలివైన పని.

ఫ్లోరిన్ మాట వినగానే తెలుగువారికి నల్లగొండ గుర్తుకు రావడం సహజం. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఫ్లోరోసిస్‌ను వైద్యులు నమోదు చేశారు. వంకరపోయిన కాళ్లను, నలభై ఏళ్లకే వంగిపోయిన నడుములను చూసిన ప్రాంతం మనది. శీతల వాయువులోని ఫ్లోరిన్ కార్బన్‌తో గట్టిగా బిగిసి ఉంటుంది, అది బావినీటి ఫ్లోరైడ్ కాదు, ఈ రెండింటినీ కలిపి మాట్లాడటం సరికాదు. కానీ కర్మాగారం వ్యర్థజలాల్లో ఉండేది మాత్రం అచ్చంగా ఆ ఫ్లోరైడే. సున్నంతో తటస్థం చేసి కాల్షియం ఫ్లోరైడ్‌గా దింపినా నీటిలో కొంత మిగిలిపోతుంది. భూగర్భ జలంలో ఇప్పటికే ఫ్లోరైడ్ అధికంగా ఉన్న మండలాల్లో ఇలాంటి కర్మాగారం పెట్టకూడదన్న షరతు స్థల ఎంపికలోనే ఉండాలి.

ఫ్లోరిన్ ఎక్కడి నుంచి తెస్తామన్న ప్రశ్న కూడా దీనితోనే ముడిపడి ఉంది. ప్రపంచంలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఎక్కువగా ఫ్లోర్‌స్పార్ అనే ఖనిజాన్ని గంధకామ్లంతో కాచి తీస్తారు. టన్ను హైడ్రోజన్ ఫ్లోరైడ్‌కు సుమారు రెండు టన్నుల ఖనిజం కావాలి, మూడు టన్నులకు పైగా జిప్సం మిగులుతుంది. ఆ ఖనిజానికి మనం చాలావరకు దిగుమతుల మీదే ఆధారపడుతున్నాం. మరోవైపు ఎరువుల కోసం తెచ్చే ఫాస్ఫేట్ రాయిలో 3, 4 శాతం ఫ్లోరిన్ ఉంటుంది. విశాఖపట్నంలాంటి చోట ఫాస్ఫారిక్ ఆమ్లం తయారవుతున్నప్పుడు అది ఫ్లోరోసిలిసిక్ ఆమ్లంగా పట్టుబడుతుంది. దాని నుంచి హైడ్రోజన్ ఫ్లోరైడ్ తీసే కర్మాగారాలు చైనాలో నడుస్తున్నాయి. ఎరువుతో పాటు పుట్టే ఫ్లోరిన్ శీతల వాయువుకు మూలమైతే, సహోత్పత్తి అన్న మాటకు అంతకంటే మంచి ఉదాహరణ ఉండదు. ఆంధ్రప్రదేశ్ పరిశ్రమల శాఖ పరిశీలించదగిన విషయం ఇదని నా నమ్మకం.

హైడ్రోజన్ ఫ్లోరైడ్ ప్రమాదం గురించి క్లుప్తంగానే రాస్తాను గాని, వదిలేయలేను. 19.5 డిగ్రీలకే మరిగే ద్రవం మన వేసవిలో పైపు పగిలిన మరుక్షణం వాయువే. పలచని ద్రావణంగా చర్మం మీద పడితే మొదట నొప్పి కూడా తెలియకుండా లోపలికి దిగి ఎముకలోని, రక్తంలోని కాల్షియాన్ని పట్టుకుంటుంది. 2012 సెప్టెంబరులో దక్షిణ కొరియాలోని గుమిలో ట్యాంకరు నుంచి దించుతుండగా అది లీకై అయిదుగురు కార్మికులు మరణించారు, చుట్టుపక్కల పొలాలు మాడిపోయాయి, వేలమంది చికిత్స తీసుకున్నారు. ఈ గాయానికి మొదటి గంటలో పూయవలసిన కాల్షియం గ్లూకోనేట్ జెల్ కర్మాగారంలో ఉండటం చాలదు. దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ ఉండాలి, అక్కడి నర్సులకు దాన్ని ఎలా వాడాలో తెలిసి ఉండాలి.

ఇవన్నీ చెప్పినందువల్ల నేను ఈ కర్మాగారాలకు వ్యతిరేకిని అనుకోవద్దు. నిజానికి నా బాధ వేరు. 1990లలో హైదరాబాద్ తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) శాస్త్రవేత్తలు ట్రైక్లోరోఎథిలీన్ నుంచి 134ఏ తయారు చేసే ఉత్ప్రేరక పద్ధతిని సొంతంగా అభివృద్ధి చేశారు, దాని మాతృసంస్థ సీఎస్‌ఐఆర్ పేరిట పేటెంట్లు వచ్చాయి. అప్పట్లో ప్రపంచంలో కొద్ది కంపెనీల చేతుల్లోనే ఉన్న విద్య అది. ఆ విద్యకు కొనసాగింపుగా హెచ్‌ఎఫ్‌ఓల సహోత్పత్తి మీద, ముఖ్యంగా వేరుచేసే విభాగం మీద, ఉత్ప్రేరకాల ఆయుష్షు మీద మన ప్రయోగశాలలకు నిధులు ఇవ్వాలి. లేకపోతే 2047 గడువు దగ్గరపడేసరికి మనం సాంకేతికతనూ కొనుక్కోవాలి, దాని లోటుపాట్లనూ కొనుక్కోవాలి.

అనుమతుల విషయంలో నా విన్నపం స్పష్టంగా చెబుతాను. ప్రస్తుత పర్యావరణ అనుమతి విధానంలో ఒక్కో ఉత్పత్తికి ఇన్ని టన్నులని పరిమితి రాస్తారు. నిష్పత్తులు మారే సహోత్పత్తికి అది ఒక్కటే సరిపోదు. ఏ నిష్పత్తిలో నడిపినా ఆమ్లం ఎంత, 245ఎఫ్‌ఏ ఎంత, వ్యర్థజలంలో ఫ్లోరైడ్ ఎంత అన్నది అత్యధిక స్థితికి లెక్కగట్టి షరతుగా పెట్టాలి. నోటిఫై చేసిన పారిశ్రామిక వాడల్లో పెట్టే ప్రాజెక్టులకు 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ బహిరంగ విచారణ నుంచి మినహాయింపు ఇచ్చింది. ఇంత హైడ్రోజన్ ఫ్లోరైడ్ నిల్వ చేసే కర్మాగారాలకు ఆ మినహాయింపు వర్తించకూడదు. ప్రతి ఏటా కర్మాగారంలోకి ఎన్ని టన్నుల ఫ్లోరిన్, ఎన్ని టన్నుల క్లోరిన్ వచ్చాయి, అవి ఏయే రూపాల్లో ఎంతెంత బయటికి వెళ్లాయి అన్న పట్టికను కాలుష్య నియంత్రణ మండలి వెబ్‌సైట్‌లో తెలుగులో కూడా ఉంచాలి. రియాక్టరులోకి పోసిన ఫ్లోరిన్ మాయం కాదు. వచ్చినదానికీ వెళ్లినదానికీ మధ్య తేడా ఎంతో ఆ తేడాయే కారిపోయినది. షిఫ్టు ఇంజనీరు ప్రతి ఉదయం తన డైరీలో వేసుకునే లెక్క ఇది, కొత్తగా కనిపెట్టవలసినది కాదు. దాన్ని సరిచూడటానికి కర్మాగారం సరిహద్దు దగ్గర కార్బన్ టెట్రాక్లోరైడ్, హెచ్‌ఎఫ్‌సీ-23, 245ఎఫ్‌ఏలను కంపెనీతో సంబంధం లేని సంస్థ కొలవాలి.

మీ పత్రికకు జిల్లాల్లో విలేకరులు ఉన్నారు. ఇకపై ఏ ఫ్లోరిన్ రసాయనాల ప్రాజెక్టుకైనా అనుమతి దరఖాస్తు వచ్చినట్టు తెలిస్తే, పెట్టుబడి ఎంత, ఉద్యోగాలెన్ని అన్న వివరాలతో పాటు ఫ్లోరిన్, క్లోరిన్ లెక్కల ఆ రెండు వరుసల పట్టికను కూడా కంపెనీని అడిగి ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత రసాయన ఇంజనీరు,
సంగారెడ్డి జిల్లా